గుంజ పాతే చోటు లేదు, ఆశీలు మాత్రం తప్పదు

(గ్రామీణ విలేకరి)

సంత నాడు మా ఊళ్ళో కోడి కంటే ముందు గునపం కూస్తుంది. తెల్లవారుజామున నాలుగు గంటలకే వ్యాన్లు, ఆటోలు వచ్చి ఆగుతాయి. బరకాల చుట్టలు, వెదురు గడలు, తాళ్ళ కట్టలు కిందికి దిగుతాయి. టార్చిలైటు చంకలో ఇరికించుకుని ఒకడు గుంత తవ్వుతుంటే మరొకడు గుంజ పట్టుకుని నిలబడతాడు. సూర్యుడు చెట్ల మీదికి వచ్చేసరికి ఖాళీ మైదానం బజారవుతుంది. మళ్ళీ దీపాలు పెట్టే వేళకు ఆ బజారంతా మూటల్లోకి వెళ్ళిపోతుంది. వారానికి ఒకసారి, ఏడాదికి యాభై రెండుసార్లు ఈ తంతు జరుగుతుంది.

కొనుక్కునే మనం పది గంటలకు వెళ్తాం. సంచి నిండగానే ఇంటిముఖం పడతాం. అందుచేత పందిరి ఎలా లేచిందో, ఎలా దిగిందో మన కంట పడదు. సంతలో ధరలు పెరిగాయని పత్రికల్లో రాస్తాం. తూకాల్లో మోసం జరుగుతోందని రాస్తాం. పొద్దున ఆ పందిరి నిలబెట్టే కష్టం, సాయంత్రం దాన్ని విప్పే కష్టం గురించి రాసినవారు తక్కువ. ఇన్నాళ్ళూ నేనూ రాయలేదు. ఇప్పుడు రాయవలసిన అవసరం వచ్చింది.

ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. భయపడి కాదు. విజయనగరం జిల్లాలో వారపు సంత జరిగే ఏ ఊరివారు చదివినా ‘ఇది మా ఊరి సంగతే’ అనుకుంటారు. అలాంటప్పుడు ఒక్క ఊరికి ఈ మచ్చ అంటగట్టడం న్యాయం కాదు. పశువులకు మానాపురం, అలమండ సంతలు పేరుపొందాయి. రామభద్రపురం కూరగాయల మార్కెట్టు సంగతి ఒడిశా వర్తకులకు కూడా తెలుసు. అవి పెద్దవి. వాటి మంచిచెడ్డలు అడిగేవారు ఎవరో ఒకరు ఉంటారు. నాలుగు ఊళ్ళకు ఉప్పూ చింతపండూ అందించే చిన్న సంతల గోడు వినేవారే లేరు.

సిమెంటు వచ్చింది, గుంజ పోయింది

కొన్నేళ్ళ కిందటి వరకు మా సంత మైదానం మట్టి నేల. నడుమ చింతచెట్లు ఉండేవి. ఎవరి గుంత ఎక్కడుందో వారికి తెలుసు. సాయంత్రం గుంజ పెరికాక ఆ గుంతలో ఇంత మట్టి పోసి, పైన పెంకు ముక్క పెట్టి వెళ్ళేవారు. మళ్ళీ వారం పెంకు తీస్తే గుంత సిద్ధం. తండ్రి గుంతలో కొడుకు గుంజ పాతేవాడు. కాగితం లేదు, కొలత లేదు. అయినా ఒకరి గుంతలో మరొకరు గుంజ పెట్టిన పాపాన పోలేదు.

తర్వాత అభివృద్ధి వచ్చింది. చింతచెట్లు కొట్టేశారు. మైదానంలో సగానికి సిమెంటు పరిచారు. ఒక పక్కన రేకుల షెడ్డు లేచింది. షెడ్డు కింద రెండడుగుల ఎత్తున అరుగులు కట్టారు. శిలాఫలకం మీద పేర్లు చెక్కారు. ఫోటోలు దిగారు. ఆ ఫోటో పంపినవాడిని నేనే. అప్పట్లో నాకూ సంతోషమే కలిగింది.

ఆ తర్వాత సంత ఎలా జరిగిందో వారం వారం చూస్తున్నాను. అరుగులు బట్టల వ్యాపారులకు పనికొచ్చాయి. మిగిలినవారికి పనికిరాలేదు. కుండలమ్మే ఆయన సరుకు నేల మీద పరచుకోవాలి. కొండచీపుళ్ళ మోపులు అరుగు మీద ఇమడవు. ఎండుచేపల పక్కన బట్టల వారు కూర్చోరు. కూరల గంప ముందు వంగి ఏరుకోవడం మన ఆడవాళ్ళకు అలవాటు. అరుగు చుట్టూ తిరిగి బేరమాడడం వారికి నచ్చలేదు. పైగా రేకులు బాగా ఎత్తున వేశారు. జల్లు ఒక పక్క నుంచి కొడుతుంది. పడమటి ఎండ రెండో పక్క నుంచి కొడుతుంది.

షెడ్డు కింద చోటు దొరకనివారు సిమెంటు మీద మిగిలారు. సిమెంటులో గుంజ దిగదు. మేకు దిగదు. గునపం వేస్తే పంచాయతీ వారు ఊరుకోరు. ఎండకు తాళలేక, గాలికి నిలవలేక వారు మట్టి నేల వెతుక్కుంటూ ఎటు వెళ్ళారో తెలుసా? రోడ్డు పక్కకు వెళ్ళారు. ఆ చుట్టుపక్కల గుంజ పాతుకోవడానికి మట్టి మిగిలింది తారురోడ్డు అంచుల్లోనే.

ఇప్పుడు అందరూ ఒకే మాట అంటున్నారు. సంత రోడ్డెక్కింది, బస్సులు ఆగిపోతున్నాయి, వ్యాపారులకు బుద్ధి లేదు అంటున్నారు. బస్సులు ఆగిపోతున్న మాట నిజమే. కానీ సంత తనంతట తాను రోడ్డెక్కలేదు. సిమెంటు దాన్ని అక్కడికి తోసింది.

రోడ్డు పక్క బేరం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? 2024 డిసెంబరు 2న రంగారెడ్డి జిల్లా చేవెళ్ళ దగ్గర ఆలూరు వద్ద రోడ్డు పక్కన కూరలమ్ముకుంటున్న వారి మీదికి లారీ దూసుకుపోయింది. పొట్టకూటికి గంప దించుకున్నవారు గంపల పక్కనే ప్రాణాలు విడిచారు. ఆ వార్త చదివిన రోజున నాకు మా సంత రోడ్డే కళ్ళ ముందు కనిపించింది.

పందిరి కట్టడం చిన్న విద్య కాదు

మా సంతకు నలభై ఏళ్ళుగా బట్టల మూట మోస్తున్న ఒక పెద్దాయన ఉన్నాడు. పందిరి ఎలా కడతావు తాతా అని అడిగాను. నవ్వి ఇలా చెప్పాడు: “గాలి ఎటేపు నుండి వస్తాదో సూసి ముందు అటేపు కట్టాల నాయినా. విప్పినప్పుడు ఆ ముడి ఆఖర్న విప్పాల. ముందు కట్టిందే ఆఖరు ముడి. అదే లెక్క.”

ఆ లెక్కలో అర్థం ఉంది. గాలి వచ్చే వైపు వదిలేసి రెండో వైపు ముందు కడితే బరకం కిందికి గాలి దూరుతుంది. అప్పుడది బరకం కాదు, తెరచాప. ఇద్దరు మనుషులు పట్టుకున్నా ఆగదు. అలాగే కప్పును బల్లపరుపుగా కట్టకూడదు. ఒక వైపు వాలు ఉండాలి. చదరపు మీటరు బరకం మీద పది సెంటీమీటర్ల నీరు నిలిస్తే దాని బరువు వంద కిలోలు. అటువంటి మడుగు రెండు చోట్ల కట్టిందంటే గడలు ఫెళ్ళున విరుగుతాయి. వాన వస్తే కర్రతో బరకాన్ని పైకి పొడుస్తూ కూర్చునే పిల్లవాడిని మీరు చూసే ఉంటారు. వాడు ఆట ఆడడం లేదు. నాన్న నెత్తి మీద కప్పు కూలకుండా కాపలా కాస్తున్నాడు.

గుంజకు కట్టే తాడు నిటారుగా దిగకూడదు. ఏటవాలుగా దూరంగా లాగి, పందిరికి అవతలి వైపు వాలేటట్టు మేకు కొట్టాలి. అప్పుడు గాలి లాగేకొద్దీ మేకు భూమిని పట్టుకుంటుంది. నిటారుగా కొట్టిన మేకు రెండు ఊపులకే ఊడి వస్తుంది. ఆకుకూరలవారు పందిరి వీపు పడమటికి పెట్టుకోవాలి. లేకపోతే తోటకూర రెండు గంటలకే తల వాల్చేస్తుంది. తల వాల్చిన తోటకూరకు ధర ఉండదు.

ఇంత విద్యా భూమి మీద ఆధారపడి ఉంది. భూమి మేకును పట్టుకోకపోతే నలభై ఏళ్ళ అనుభవం కూడా అక్కరకు రాదు. సిమెంటు మీద ఇప్పుడు ఏం చేస్తున్నారో చూడండి. పాత రంగు డబ్బాల్లో ఇసుక పోసి అందులో గుంజ నిలుపుతున్నారు. ఇరవై లీటర్ల డబ్బాకు నిండా ఇసుక పోస్తే ముప్పై కిలోలు ఉంటుంది. నాలుగు గుంజలకు నాలుగు డబ్బాలు. వాటిని వారం వారం దింపాలి, ఎక్కించాలి. అంత ఓపిక లేనివారు రాళ్ళకు కడుతున్నారు. రాయి దొరకనివారు వ్యాను బంపరుకు కడుతున్నారు. అదీ లేనివారు పక్కవాడి గుంజకు కడుతున్నారు. అలా కలిపి కట్టినప్పుడు ఒక పందిరి లేచిందంటే దానితో పాటు నాలుగు పందిళ్ళు లేస్తాయి.

మొన్న వైశాఖంలో అదే జరిగింది. మధ్యాహ్నం మూడు గంటలకు ఉన్నట్టుండి ఈదురుగాలి లేచింది. గాజుల దుకాణం బరకం ఇనుప గొట్టంతో సహా పైకి లేచింది. గొట్టం తిరిగి వచ్చి ఆ దుకాణదారు కొడుకు భుజం మీద పడింది. ఎముక విరిగింది. ఆ గొట్టం పైనున్న కరెంటు తీగకు మూరెడు దూరం నుంచి పోయింది. ఆ మూరెడు దూరమే లేకుంటే ఆ రోజు వార్త వేరుగా రాయవలసి వచ్చేది. పిల్లవాడు తొమ్మిదో తరగతి. బడి లేని రోజు గనుక తండ్రికి సాయం వచ్చాడు. నేను వెళ్ళేసరికి తండ్రి పగిలిన గాజులు ఏరుతున్నాడు. “ఏటి సేస్తాం బాబూ, భూమిలో దిగని గుంజకి రాయే దిక్కు” అన్నాడు. నష్టపరిహారం మాట ఎవరూ ఎత్తలేదు. ఆ రోజు ఆశీలు మాత్రం అప్పటికే వసూలైంది.

విప్పేవేళ కష్టం మరింత

కట్టేటప్పుడు కనీసం వచ్చే వెలుగు ఉంటుంది. విప్పేటప్పుడు వచ్చేది చీకటి. మా సంత మైదానంలో షెడ్డు కింద రెండు లైట్లు ఉన్నాయి. మైదానంలో లేవు. చీకట్లో ముడి కనపడక తాడు కోసేస్తారు. కోసిన తాడు మళ్ళీ వారానికి పనికిరాదు. కొత్త తాడు కొనాలి. గుంజ పెరికిన గుంత పూడ్చకుండా వెళ్ళిపోతారు. ఆ గుంతలో మర్నాడు ఆవు కాలు పడుతుంది. రాత్రి సైకిలు చక్రం పడుతుంది.

వెలుగు లేకపోతే పోయేది తాడు ఒక్కటే కాదు. డబ్బు కూడా పోతుంది. సంత విప్పే వేళ బేరం వేరుగా ఉంటుంది. మిగిలిన సరుకు తిరిగి మోసుకుపోలేక కూరలవారు తెగనమ్ముతారు. ఆ వేళ కోసమే కాచుకుని వచ్చే పేదలు ఉన్నారు. పది రూపాయలకు గంపెడు వంకాయలు వారికి దొరుకుతాయి. ఇద్దరికీ మేలే. కానీ చీకట్లో నోటు ఏదో తెలియదు. సెల్‌ఫోనుతో డబ్బు పంపామని చూపించి పోతారు, అది వచ్చిందో లేదో చూసుకునే తీరిక ఉండదు. ఆకుకూరలమ్మే ఒక అప్ప నాతో అంది: “పగలంతా నిలబడి సంపాదించింది విప్పినప్పుడు పోతాది తమ్ముడూ. ఒక్క దీపం ఎట్టమని రాయి.”

రాస్తున్నాను అప్పా.

ఆమె మరో మాట కూడా చెప్పింది. చెప్పడానికి సిగ్గుపడుతూనే చెప్పింది. సంత నాడు తాను నీళ్ళు తాగదట. తెల్లవారుజామున మూడు గంటలకు ఇల్లు వదిలితే రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరుతుంది. పదిహేడు గంటలు. మగవాళ్ళు గోడ చాటుకు పోతారు. ఆడవాళ్ళు ఎక్కడికి పోతారు? పక్కనున్న ఇళ్ళవారు ఒకసారి రానిస్తారు, రెండోసారి మొహం తిప్పుకుంటారు. వైశాఖమాసపు ఎండలో నీళ్ళు తాగకుండా కూర్చుంటే ఒంటికి ఏం జరుగుతుందో డాక్టరు చెప్పనక్కరలేదు. మన సంతలో సగం గంపల వెనుక కూర్చున్నది ఆడవాళ్ళే.

మన తప్పులూ ఉన్నాయి

వ్యాపారుల పక్షాన ఇంత రాసినవాడిని, వారి తప్పులు రాయకపోతే పత్రిక మర్యాద దక్కదు. తాళ్ళు మెడ ఎత్తున కట్టి మనుషులు నడిచే దారికి అడ్డం లాగుతారు. ముసలివారు తట్టుకుని పడిన సందర్భాలు ఉన్నాయి. ప్రతి వారం ఒక జానెడు ముందుకు జరిపి, ఏడాది తిరిగేసరికి దారి సగం చేస్తారు. బరకానికి బరువు పెట్టిన రాళ్ళను సాయంత్రం రోడ్డు మీదే వదిలేస్తారు. కుళ్ళిన కూరలు, గడ్డి, పాలితీను సంచులు ఎక్కడివక్కడే. 120 మైక్రాన్ల కంటే పలచని సంచులు 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతటా నిషేధం. మా సంతలో ఆ సంగతి తెలిసినట్టు ఎవరూ కనబడరు. మర్నాడు ఆ సంచులు తిని పడుకున్న ఆవు మనదే.

ఇంటి ముందు పెళ్ళిపందిరి వేసినవాడు పెళ్ళయ్యాక విప్పి, గుంతలు పూడ్చి, వాకిలి ఊడ్చి, పేడ చల్లుతాడు. సంత పందిరికి ఆ మర్యాద ఎందుకు దక్కదు? ఇది నా వాకిలి అన్న భావం లేకపోవడమే కారణం. వారం వారం ఎటు తోస్తారో తెలియనివాడికి ఆ భావం ఎలా వస్తుంది? గుంత నాది అన్న రోజుల్లో పెంకు ముక్క పెట్టి వెళ్ళారు కదా!

షెడ్డు కట్టించిన పెద్దల మాట కూడా వినాలి. వానలో తడవకుండా నీడ ఇవ్వాలనే కట్టామని వారు అంటున్నారు. వారి మంచి ఉద్దేశాన్ని శంకించనక్కరలేదు. బట్టల వారికి, పప్పుల వారికి షెడ్డు మేలే చేసింది. సిమెంటు మూలాన వానాకాలం బురద తగ్గింది. మోకాలి లోతు బురదలో ఉల్లిపాయలు ఏరుకున్న రోజులు నేనూ మరవలేదు. కానీ సంత అన్నది రోజువారీ మార్కెట్టు కాదు. పొద్దున లేచి సాయంత్రం దిగిపోవడమే దాని బలం. సోమవారం ఒక ఊళ్ళో, మంగళవారం మరో ఊళ్ళో అదే బరకం, అవే గుంజలు. ఏ ఊళ్ళోనూ అద్దె లేదు గనుకనే వాడు రూపాయి తక్కువకు అమ్మగలుగుతున్నాడు. ఆ రూపాయి మనకు మిగులుతోంది. 2020 మార్చి 25న లాక్‌డౌన్ వచ్చి సంతలు మూతపడినప్పుడు ఆ రూపాయి విలువ ఊరూరా తెలిసివచ్చింది.

చట్టం ఏమంటుంది?

పట్నంలో వీధి పక్కన అమ్ముకునేవారి రక్షణకు 2014లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. అమ్మకందారులను ఒకచోటి నుంచి మరో చోటికి పంపాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని ఆ చట్టం చెబుతోంది. పట్టణ విక్రయ కమిటీలో నూటికి 40 మందికి తగ్గకుండా అమ్మకందారుల ప్రతినిధులే ఉండాలని, వారిలో మూడోవంతు స్త్రీలు ఉండాలని అంటోంది. ఏళ్ళ తరబడి అమ్మేవారూ కొనేవారూ చేరుతున్న చోటును సహజ మార్కెట్టుగా గుర్తిస్తుంది. మంచి చట్టం. కాకపోతే అది కార్పొరేషన్లు, మునిసిపాలిటీలు, నగర పంచాయతీల కోసం రాసిన చట్టం. మన గ్రామ పంచాయతీ సంత గట్టు వరకు అది రాదు. పట్నంలో బండి మీద అరటిపళ్ళమ్మే ఆయనకు నెల రోజుల నోటీసు. అవే పళ్ళు పల్లె సంతలో అమ్మే ఆయనకు మైకులో ఒక్క కేక.

అలాగని పల్లెకు దారి లేకపోలేదు. 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగించదగిన 29 విషయాల జాబితా ఇచ్చింది. అందులో 22వది మార్కెట్లు, సంతలు. అంటే సంత బాగోగులు చూడడం పంచాయతీ పనే. ఆశీలు పాట పెట్టే అధికారం ఉన్నవారికి సంతను చూసుకునే బాధ్యత కూడా ఉంటుంది. పాట వరకు గుర్తుండి, బాధ్యత దగ్గర మరపు రావడం వింత.

కేంద్ర ప్రభుత్వం కూడా సంతల సంగతి తలచుకోకపోలేదు. 2018-19 బడ్జెటులో దేశంలోని 22,000 గ్రామీణ సంతలను వ్యవసాయ మార్కెట్లుగా బాగుచేస్తామని ప్రకటించింది. వాటిలో కట్టడాలకు ఉపాధి హామీ నిధులు వాడతామని చెప్పింది. ఢిల్లీలో గీసిన గీత పల్లెకు వచ్చేసరికి అరుగూ రేకూ అవుతుంది. గుంజ ఎక్కడ పాతుకోవాలన్న ప్రశ్న ఆ గీతలో ఉండదు. అది మనమే చెప్పాలి.

సిమెంటు పోయకముందే

ఇప్పుడు రాయవలసిన అవసరం వచ్చిందని మొదట్లో అన్నాను. సంత మైదానంలో మిగిలిన సగానికి కూడా సిమెంటు పరచాలని పంచాయతీ తలపెట్టినట్టు తెలిసింది. పరచవద్దని ఈ విలేకరి అనడు. బురద ఎవరికీ ఇష్టం కాదు. పరచేముందు ఒక్క మాట వినమని మనవి.

సిమెంటు పోయకముందు నేలలో గొట్టపు ముక్కలు నిలువుగా పాతి ఉంచండి. అడుగున్నర లోతు చాలు. వెదురు గుంజ దిగేటంత వెడల్పు ఉండాలి. వాన నీరు ఇంకిపోయేటట్టు గొట్టం అడుగు తెరిచి ఉంచి కింద కంకర పోయాలి. పైన నేలకు సమంగా మూత ఉండాలి. సంత నాడు మూత తీసి గుంజ దించుకుంటారు. సాయంత్రం గుంజ తీసి మూత వేస్తారు. కాలు తట్టదు. గునపం అక్కరలేదు. తాళ్ళు లాగి కట్టడానికి నేలలో ఇనుప కొక్కేలు బిగించండి. పది అడుగులకు ఒక గుంజ చొప్పున వరుసలు వేస్తే దారి దానంతట అదే ఏర్పడుతుంది. వారం వారం జానెడు జరపడం కూడా ఆగిపోతుంది. షెడ్డు ఖర్చుతో పోలిస్తే ఈ ఖర్చు లెక్కలోనిది కాదు. సిమెంటు ఆరిన తర్వాత చేయాలంటే మాత్రం పగలగొట్టాలి. అప్పుడు మళ్ళీ అంచనాలు, మళ్ళీ బిల్లులు.

గొట్టాలు ఎక్కడ పాతాలో ఇంజనీరు గారిని ఒంటరిగా తేల్చమనకండి. సంత నాడు తెల్లవారుజామున ఒకసారి మైదానానికి రండి. బట్టల పెద్దాయన్ని, ఆకుకూరల అప్పని, కుండలాయన్ని పిలవండి. ఎవరికి ఎంత చోటు కావాలో, గాలి ఎటు వీస్తుందో, ఎండ ఎటు పడుతుందో అరగంటలో చెబుతారు. కరెంటు తీగల కింద ఒక్క గొట్టం కూడా వేయకండి.

మిగిలిన కోరికలు పెద్దవి కావు. విప్పే వేళకు మైదానంలో నాలుగు దీపాలు. ఆడవాళ్ళకు నీళ్ళున్న మరుగుదొడ్డి. ఒక తాగునీటి కుళాయి. చెత్త వేయడానికి ఒక మూల. గంపకు ఎంత, పందిరికి ఎంత, వ్యానుకు ఎంత అన్నది పెద్ద అక్షరాలతో రాసిన ఆశీలు బోర్డు. తీసుకున్న ప్రతి రూపాయికీ చీటీ. కొట్టేసిన చింతచెట్ల స్థానంలో నాలుగు మొక్కలు. అవి పెరిగేసరికి నేను ముసలివాడినవుతాను. అయినా సరే నాటండి.

వ్యాపారులు కూడా తమ వంతు చేయాలి. సాయంత్రం మూత వేయాలి. రాయి ఉంటే తీయాలి. తమ పందిరి కింది చెత్త ఆ మూలకు చేర్చాలి. ఇనుప గొట్టాల బదులు ఎండిన వెదురు వాడుకోవాలి. ఆశీలు కట్టాం గనుక ఊడ్చడం మా పని కాదనడం చెల్లదు.

ఇక కొనేవారికి ఒక మాట. ఆశీలు పాట జరిగే రోజున పాట ఎంతకు పోయిందని మాత్రమే అడగవద్దు. పోయినేడు వచ్చిన ఆశీలు డబ్బులో సంతకు ఎంత ఖర్చు పెట్టారని అడగండి. గ్రామసభలో లేచి అడగండి. అది మన హక్కు. మా ఊళ్ళో ఇంతవరకు ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. వచ్చే గ్రామసభలో నేను అడగదలచుకున్నాను. పక్కన మరో పది మంది లేస్తే ఆ ప్రశ్నకు బలం వస్తుంది.

గాజుల దుకాణం ఆయన వైశాఖం తర్వాత మూడు వారాలు రాలేదు. నాలుగో వారం వచ్చాడు. కొడుకు చేయి అతికింది. బరువు ఎత్తవద్దని డాక్టరు చెప్పాడట. అందుచేత ఆయన ఒక్కడే గుంజ నిలబెట్టి, దాన్ని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో రాళ్ళు జరుపుకుంటున్నాడు. వెళ్ళి గుంజ పట్టుకున్నాను. అది నిలబడేసరికి చాలాసేపు పట్టింది. నేలలో ఒక గొట్టం ఉంటే రెండు నిమిషాల పని.